తెమడ డబ్బా దాకా రాని దగ్గు

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఓపీ రిజిస్టరు తీసి ఏ నెల పేజీలు తిరగేసినా ఎక్కువగా కనిపించే మాటలు రెండు: జ్వరం, దగ్గు. ఆ దగ్గు ఎన్ని రోజులుగా ఉందన్నది పక్కన రాసి ఉండడం మాత్రం అరుదు. పల్లెల్లో క్షయ చేజారిపోయే మొదటి చోటు ఆ రాయని గడి.

రెండు వారాలు దాటిన దగ్గు, తగ్గని జ్వరం, పడిపోతున్న బరువు, రాత్రి చెమటలు, కఫంలో రక్తపు జీర. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పరీక్షకు పంపాలన్నది జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం నియమం. ఆసుపత్రి గోడమీది పోస్టరూ అదే చెబుతుంది. కార్యక్రమం తొలినాళ్ళ నుంచి వాడుతున్న ఒక మోటు లెక్క కూడా ఉంది. కొత్తగా ఓపీకి వచ్చే పెద్దవాళ్ళలో వందకు ఇద్దరు ముగ్గురు తెమడ పరీక్షకు పంపదగినవాళ్ళు ఉంటారని. అంటే నెలకు వెయ్యిమంది పెద్దలు వచ్చే కేంద్రంలో ఇరవై ముప్ఫై మంది ల్యాబ్ గది గుమ్మం తొక్కాలి. నెలకు నలుగురైదుగురే తొక్కుతున్నారంటే ఆ ప్రాంతంలో క్షయ తగ్గిందని సంబరపడే ముందు, డాక్టరు గదిలో ఏం జరుగుతోందో చూడాలి.

అక్కడ జరిగేది తేలిగ్గానే ఊహించవచ్చు. ఉదయం మూడు గంటల్లో తొంభైమంది వస్తే ఒక్కొక్కరికి దక్కేది రెండు నిమిషాలు. అందులోనే బీపీ చూడాలి, షుగరు మాత్రలు రాయాలి, రిజిస్టరు నింపాలి, ఈ మధ్య ట్యాబ్‌లో కూడా ఎక్కించాలి. డాక్టరు జిల్లా కేంద్రంలో సమీక్షకు వెళ్ళిన రోజు స్టాఫ్ నర్సో ఫార్మసిస్టో ఓపీ నడిపిస్తారు. దగ్గు అన్న మాట చెవిన పడగానే చీటీ మీద ఒక యాంటీబయాటిక్, ఒక జలుబు మాత్ర, ఒక దగ్గు మందు పడిపోతాయి. తగ్గకపోతే మళ్ళీ రమ్మంటారు. తగ్గదు. రోగి ఈసారి వెళ్ళేది ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గరికి.

రోగి చెప్పే జవాబు కూడా ఇందులో ఒక చిక్కుముడే. దగ్గు ఎప్పటి నుంచి అని అడిగితే, "నాలుగు రోజుల నుంచి ఎక్కువైందండి" అంటాడు. వినేవారికి నాలుగు రోజులన్న మాటే చెవిలో పడుతుంది. ఎక్కువైంది అన్న మాటను పట్టుకుని, అంతకుముందు తక్కువగా ఎన్నాళ్ళు ఉందని రెండో ప్రశ్న వేస్తే అప్పుడు సంక్రాంతి ముందు నుంచీ ఉందన్న సంగతి బయటికి వస్తుంది. చుట్ట కాల్చేవారైతే దగ్గును దగ్గుగానే లెక్కపెట్టరు. రాళ్ళ క్వారీలో, క్రషర్ దగ్గర పనిచేసేవారు దుమ్ము వల్ల అంటారు. అది నిజం కూడా కావచ్చు. కానీ రాతి దుమ్ము దెబ్బతీసిన ఊపిరితిత్తుల్లోనే క్షయ మరింత సులువుగా పాగా వేస్తుంది. కాబట్టి దుమ్ము అన్న జవాబు పరీక్షకు అదనపు కారణం కావలసింది పోయి, పరీక్ష తప్పించే కారణం అవుతోంది.

ఇదేమీ కొత్తగా బయటపడిన లోపం కాదు. బెంగళూరులో 1959లో జాతీయ క్షయ సంస్థ మొదలైన తొలి ఏళ్ళలోనే దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు తుమకూరు జిల్లా పల్లెల్లో క్షయ రోగులను కలిసి మాట్లాడారు. పల్లె జనానికి జబ్బు సంగతి తెలియదు, తెలిసినా ఆసుపత్రికి రారు అన్నది అప్పట్లో నగరాల్లోని వైద్యుల గట్టి నమ్మకం. 1963లో అచ్చయిన ఆ అధ్యయనం దాన్ని తిరగేసింది. తెమడలో క్రిములున్నట్టు సర్వేలో తేలినవారిలో దాదాపు అందరికీ తమ ఒంట్లో ఏదో తేడాగా ఉందని తెలుసు. సగానికి పైగా అప్పటికే ప్రభుత్వ వైద్యశాల మెట్లెక్కి వచ్చినవాళ్ళే. అక్కడ వాళ్ళ చేతికి దొరికింది ఒక సీసా దగ్గు మందు. క్షయ వైద్యం ప్రత్యేక ఆసుపత్రుల్లో కాక మామూలు ఆరోగ్య కేంద్రాల్లోనే అందాలన్న 1962 నాటి జాతీయ కార్యక్రమం ఆలోచనకు ఇలాంటి పరిశీలనలే పునాది. అరవై ఏళ్ళు గడిచాయి. గాజు సీసా పోయి ప్లాస్టిక్ సీసా వచ్చింది.

రోగులు రాకపోవడం, వచ్చినా పట్టుకోలేకపోవడం, ఈ రెండింటినీ విడదీసి చూడాలి. 2013 నాటి భారతదేశ పరిస్థితిపై 2016లో వెలువడిన ఒక అంచనా ఈ పని చేసింది. దాని ప్రకారం దేశంలోని సుమారు 27 లక్షల మంది క్షయ రోగుల్లో 72 శాతం ప్రభుత్వ కార్యక్రమం కేంద్రాల దాకా వచ్చారు. రోగం నిర్ధారణ అయింది 60 శాతానికే. చికిత్సకు నమోదైంది 53 శాతం. శాతాలను మనుషుల్లోకి మారిస్తే, గుమ్మం దాకా వచ్చి జబ్బు పేరు తెలియకుండా వెనుదిరిగినవారు దాదాపు 3 లక్షలు. జబ్బు తేలాక కూడా మందు మొదలు పెట్టని వారు మరో 2 లక్షల పైచిలుకు. ఊరూరా తిరిగి రోగులను వెతికే శిబిరాలకు దొరికే ప్రచారం ఈ 5 లక్షల మందికి దొరకదు. వీళ్ళను వెతకాల్సిన పని లేదు, వాళ్ళంతట వాళ్ళే వచ్చారు.

సరే, డాక్టరు అడిగారు, తెమడ పరీక్ష రాశారు అనుకుందాం. తర్వాతి కథ డబ్బాతో మొదలవుతుంది. పరీక్షకు రెండు నమూనాలు కావాలి. ఒకటి అక్కడికక్కడే, రెండోది మర్నాడు ఉదయం లేవగానే తీసింది. రాత్రంతా ఊపిరితిత్తుల్లో పేరుకున్న కఫంలో క్రిములు ఎక్కువ కాబట్టి ఆ రెండోదే విలువైనది. తప్పిపోయేదీ ఎక్కువగా అదే. పాత ప్రమాణం ప్రకారం సూక్ష్మదర్శిని కేంద్రం లక్ష జనాభాకు ఒకటి, గిరిజన ప్రాంతాల్లో 50 వేలకు ఒకటి. ఆరోగ్య కేంద్రమేమో 30 వేలకు, ఏజెన్సీలో 20 వేలకు ఒకటి. ఈ లెక్కన డాక్టరు ఉన్నచోటల్లా ల్యాబ్ ఉండదు. చాలాచోట్ల ఇప్పుడు సౌకర్యం దగ్గరైన మాట నిజమే కానీ, కూలికి వెళ్ళే మనిషికి రెండో రోజు ప్రయాణమంటే ఆటో ఛార్జీ ఒక్కటే కాదు, ఆ రోజు కూలి కూడా పోయినట్టే. మందు ఉచితం, పరీక్ష ఉచితం అని బోర్డు రాసిన వారి లెక్కలో ఆ కూలి డబ్బు కనిపించదు.

డబ్బాలో ఏముందన్నది ఇంకో సమస్య. తెమడ, కళ్ళె, గళ్ళ, కఫం అని ప్రాంతాన్ని బట్టి పేరు మారుతుంది. తొందరలో ఎవరైనా "ఇందులో ఉమ్మి తీసుకురండి" అంటే జనం నిజంగా ఉమ్మే తెస్తారు. అద్దం పలక మీద పూసి చూసినా అందులో నోటి కణాలు తప్ప ఏమీ కనిపించవు. ఫలితం నెగిటివ్ అని వస్తుంది. ఆ నెగిటివ్ చీటీ పట్టుకున్న రోగికి క్షయ లేదని ధైర్యం, డాక్టరుకు మరో యాంటీబయాటిక్ రాసే వీలు. ఆడవాళ్ళ విషయంలో ఇది మరీ ఎక్కువ. నలుగురు కూర్చున్న వరండాలో గట్టిగా దగ్గి కఫం తీయాలంటే సిగ్గు. ఆసుపత్రి వెనక నీడపట్టున ఒక చోటు చూపించేవారు ఉండరు.

పాకిస్థాన్‌లోని రావల్పిండి క్షయ కేంద్రంలో ఈ చిన్న విషయాన్నే పరీక్షించి చూశారు. మంచి తెమడ ఎలా తీయాలో డబ్బా ఇచ్చే ముందు కొద్దిసేపు విడమరచి చెప్పారు. అలా చెప్పించుకున్న స్త్రీలలో పాజిటివ్‌గా తేలేవారు, చెప్పించుకోని స్త్రీలతో పోలిస్తే 1.6 రెట్లు. 2007లో వెలువడిన ఈ ఫలితానికి కొత్త యంత్రం అక్కర్లేదు, కొత్త ఉద్యోగీ అక్కర్లేదు. ముందు నోరు నీళ్ళతో పుక్కిలించండి, రెండు మూడు సార్లు లోతుగా ఊపిరి పీల్చండి, ఛాతీ లోపలి నుంచి దగ్గండి, చిక్కగా వచ్చిందే డబ్బాలో వేయండి. ఇంతే. ఖర్చులేని పనికి టెండరు ఉండదు, ప్రారంభోత్సవమూ ఉండదు. అందుకేనేమో అది అన్నిచోట్లా వాడుకలోకి రాలేదు.

ల్యాబ్ టెక్నీషియన్ బల్ల దగ్గర కాసేపు ఆగుదాం. చీపురు పుల్ల విరిచి, దాని కొనతో తెమడలో చిక్కటి, పసుపు పచ్చటి భాగాన్ని ఎంచి తీయాలి. అద్దం పలక మీద రెండు సెంటీమీటర్లకు మూడు సెంటీమీటర్ల మేర పలచగా పూయాలి. ఆరనివ్వాలి, మంటపై చూపి అతికించాలి. కార్బాల్ ఫుక్సిన్ అనే ఎర్ర రంగు పోసి, ఆవిరి లేచేదాకా కింద నుంచి వేడి చేయాలి, పొంగనివ్వకూడదు. ఐదు నిమిషాలు ఆగి కడగాలి. 25 శాతం గంధకామ్లంతో రంగు వదిలించాలి. క్షయ క్రిమి ఆ ఎరుపును వదలకుండా పట్టుకుని ఉంటుంది. తర్వాత మిథిలీన్ బ్లూ. అప్పుడు నూనె చుక్క వేసి, నీలం మైదానంలో ఎర్రటి సన్న పుల్లల కోసం వెతకడం. నెగిటివ్ అని రాయాలంటే కనీసం వంద క్షేత్రాలు, అంటే సూక్ష్మదర్శినిలో ఒక్కసారికి కనబడే మేర చొప్పున వంద చోట్లు, చూడాలి. వంద క్షేత్రాల్లో తొమ్మిదిలోపు క్రిములు కనబడితే 'స్కాంటీ' (చాలా కొద్ది) అని సంఖ్యతో సహా రాయాలి.

ఈ పని రోజుకు ఇరవై, పాతిక స్లైడ్లు దాటితే కళ్ళు మోసం చేస్తాయని వృత్తిలో అందరికీ తెలుసు. అదే టెక్నీషియన్ గర్భిణులకు హిమోగ్లోబిన్, షుగరు, మూత్ర పరీక్షలు, వానాకాలంలో మలేరియా రక్తపు పూతలు కూడా చూడాలి. ఏజెన్సీ మండలాల్లో జూలై, ఆగస్టుల్లో మలేరియా స్లైడ్లు గుట్టలుగా పేరుకుంటాయి. అలాంటి రోజున నెగిటివ్ స్లైడ్ మీద వంద క్షేత్రాలూ చూశారా, ఇరవై చూసి తీసేశారా అన్నది ఆ సూక్ష్మదర్శినికే తెలియాలి. పైఅధికారి నెలకోసారి కొన్ని స్లైడ్లు తిరిగి చదివే పద్ధతి ఉంది. తెమడ బదులు ఉమ్మి పూసిన స్లైడ్‌ను ఎన్నిసార్లు తిరిగి చదివినా నెగిటివే.

అంతా సవ్యంగా చేసినా సూక్ష్మదర్శినికి ఒక హద్దు ఉంది. మిల్లీలీటరు తెమడలో 5 వేల నుంచి 10 వేల క్రిములు ఉంటే తప్ప అది చూడలేదు. కాబట్టి జబ్బు ముదిరినవారే దానికి చిక్కుతారు. ఈ హద్దును దాటడానికే జన్యు పరీక్ష యంత్రాలు వచ్చాయి. సీబీనాట్‌ను 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది. సుమారు రెండు గంటల్లో క్షయ ఉందో లేదో, ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో రెండూ చెబుతుంది. కానీ దానికి చల్లటి గది కావాలి, ఆగని కరెంటు కావాలి, ఏటా సరిచూడాలి. అందుకే అది జిల్లా, ఏరియా ఆసుపత్రుల దగ్గరే ఆగింది. గోవాలో తయారయ్యే ట్రూనాట్ బ్యాటరీ మీద నడుస్తుంది, దాన్ని మండలం దాకా తీసుకెళ్ళవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో దాన్నీ ఆమోదించింది.

యంత్రం రావడం వేరు, అది నడవడం వేరు. పరీక్షకు వాడే చిప్‌లు అయిపోతే ట్రూనాట్ బల్ల మీద అలంకారమే. నేర్చుకున్న టెక్నీషియన్‌కు బదిలీ అయితే కొత్తవారు నేర్చుకునేదాకా మళ్ళీ చీపురు పుల్లే గతి. యంత్రం ఉన్న ఊరికి మిగతా కేంద్రాల నుంచి తెమడ వెళ్ళాలి. వారానికి రెండు రోజులే పంపే ఏర్పాటున్న చోట సోమవారం ఇచ్చిన తెమడ గురువారం దాకా ఫ్రిజ్‌లో ఉండాలి. ఆ ఫ్రిజ్‌లో టీకాలకు తప్ప మరిదేనికీ చోటు ఇవ్వకూడదన్న నియమం, సరైన నియమమే, అడ్డొస్తుంది. మే నెల ఎండలో ఆశా కార్యకర్త సంచిలో ప్రయాణించిన తెమడ చేరేసరికి ఏ స్థితిలో ఉంటుందో చెప్పనక్కర్లేదు.

ఇంతవరకు చెప్పుకున్నది దగ్గేవారి గురించి. 2019-21 మధ్య జరిగిన జాతీయ క్షయ సర్వే ఇంకో పెద్ద లోటును బయటపెట్టింది. అందులో పట్టుబడిన రోగుల్లో 42.6 శాతం మందిని ఛాతీ ఎక్స్‌రే లేకుండా లక్షణాలు మాత్రమే అడిగి ఉంటే కనిపెట్టలేకపోయేవారు. వాళ్ళకు చెప్పుకోదగ్గ దగ్గు లేదు. ఎక్స్‌రే యంత్రం మామూలుగా సామాజిక ఆరోగ్య కేంద్రం స్థాయిలో ఉంటుంది, అక్కడ రేడియోగ్రాఫర్ ఉన్న రోజున పనిచేస్తుంది. తెలుగు నేలకు ఈ సంగతి కొత్త కాకూడదు. మదనపల్లె దగ్గర 1915లో మొదలైన ఆరోగ్యవరం శానిటోరియం వైద్యులు 1950-55 మధ్యనే చుట్టుపక్కల పల్లెలకు వెళ్ళి జనానికి ఎక్స్‌రేలు తీసి క్షయను లెక్కగట్టారు. ఇప్పుడు చేతిలో పట్టుకునే ఎక్స్‌రే పరికరాలు వచ్చాయి. ఎక్స్‌రేలోని నీడలను చదివే కంప్యూటర్ ప్రోగ్రాములను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సమ్మతించింది. 2024 డిసెంబర్ 7న 347 జిల్లాల్లో మొదలైన వంద రోజుల క్షయ ఉద్యమంలో వాటిని విరివిగా వాడారు కూడా. ఉద్యమం ముగిశాక ఆ పరికరం ఏ కేంద్రంలో, ఎవరి చేతిలో ఉంటుందన్నదే అసలు ప్రశ్న.

అదే సర్వేలో, లక్షణాలున్నవారిలో 63.6 శాతం మంది ఎక్కడా వైద్యానికి వెళ్ళలేదని తేలింది. తుమకూరు అధ్యయనానికి ఇది విరుద్ధంగా కనిపిస్తుంది. అయితే ఆ లక్షణాలున్నవారందరికీ క్షయ లేదు. ఉన్నవారిలోనూ చాలామందిది ఇంకా ముదరని జబ్బు. ముదిరాక ఎలాగూ వస్తారు. వచ్చేలోపు ఇంట్లో మరో ఇద్దరికి అంటిస్తారు. ఆసుపత్రికి వెళ్తే ఏం ఒరిగిందన్న అనుభవం కూడా ఈ 63.6లో కొంత ఉండకపోదు. రెండు పూటలు వెళ్ళి దగ్గు మందుతో తిరిగి వచ్చిన మనిషి పక్కింటివాడికి ఆసుపత్రికి వెళ్ళమని సలహా ఇస్తాడా?

ఆర్ఎంపీల పాత్ర గురించి కోపంగా మాట్లాడటం సులువు. రాత్రి పదింటికి తలుపు తీసేది, అప్పు పెట్టుకునేది వాళ్ళే. హాని ఎక్కువగా జరిగేది వాళ్ళిచ్చే మందుల్లో. లెవోఫ్లాక్సాసిన్ వర్గపు యాంటీబయాటిక్‌లు క్షయ క్రిమి మీద కూడా కొంత పనిచేస్తాయి. జబ్బు తగ్గినట్టనిపిస్తుంది, తెమడలో క్రిములు కొన్నాళ్ళు కనబడవు, నిర్ధారణ వాయిదా పడుతుంది. ఈ మందులు రాసేది ఆర్ఎంపీలు మాత్రమే కాదన్నది వేరే సంగతి.

పిల్లలు కఫం తీయలేరు, మింగేస్తారు. మెడ గడ్డలకు, వెన్నెముకకు వచ్చే క్షయ తెమడలో దొరకదు. ఈ రెంటికీ మండల స్థాయిలో దారి దాదాపు లేదు, జిల్లా ఆసుపత్రికి పంపడమే.

జబ్బు తేలాక ఆ కబురు రోగికి చేరడం ఇంకో మజిలీ. ఫలితం క్షయ రోగుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ వెబ్‌సైటు నిక్షయ్ పోర్టల్‌లో ఎక్కుతుంది. అక్కడ ఇచ్చిన ఫోను నంబరు కొడుకుదో, పక్కింటివారిదో, రీచార్జి లేక ఆగిపోయిందో అయి ఉంటుంది. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి ఏటా వేలమంది పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపు వలసపోతారు. వాళ్ళ మాటలో సుగ్గికి పోవడం. అక్కడ పొలం గట్టున గుడారంలో ఉన్నప్పుడు దగ్గు ముదిరి దగ్గరి ఆసుపత్రిలో తెమడ ఇస్తే, ఫలితం వచ్చేలోపు మేస్త్రీ ముఠాను మరో ఊరికి మారుస్తాడు. చిరునామా గడిలో సొంత ఊరు రాస్తే అక్కడి ఏఎన్ఎం వెళ్ళి తాళం చూసి వస్తుంది. గుడారం ఉన్న ఊరు రాస్తే అక్కడ ఆ పేరుతో ఎవరూ ఉండరు. పెళ్ళి కావలసిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో అయితే చిరునామా కావాలనే తప్పుగా ఇస్తారు. ఆశా కార్యకర్త ఇంటికి వస్తే వీధంతా తెలిసిపోతుందని పక్క మండలం ఆసుపత్రికి వెళ్ళేవారూ ఉన్నారు.

ఇక లక్ష్యాల సంగతి. 2025 నాటికి క్షయను నిర్మూలిస్తామని కేంద్ర ప్రభుత్వం అంది. కొత్త కేసులు 2015తో పోలిస్తే 80 శాతం తగ్గాలన్నది దాని అర్థం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో 2015లో లక్షకు 237 ఉన్న కొత్త కేసులు 2023లో 195. తగ్గుదల సుమారు 18 శాతం. చిన్న విజయమేమీ కాదు, అప్పట్లో ప్రపంచ సగటు తగ్గుదల కంటే మెరుగే. చిక్కంతా పెట్టుకున్న గడువుతో. గడువు దగ్గరపడేకొద్దీ సమీక్షల్లో అడిగేది సంఖ్యలే అయ్యాయి.

2023లో ప్రకటించిన క్షయరహిత పంచాయతీ పథకాన్నే చూడండి. గుర్తింపు పొందాలంటే వెయ్యి జనాభాకు 30 మందికి తగ్గకుండా పరీక్షలు జరగాలి, రోగులు వెయ్యికి ఒకరికి మించకూడదు. గెలిచిన పంచాయతీకి గాంధీజీ ప్రతిమ ఇస్తారు, తొలి ఏడాది కంచు రంగులో, ఆపై వెండి, బంగారు రంగుల్లో. పరీక్షలు ఎక్కువ, రోగులు తక్కువ అన్న ఈ జంట షరతును అందుకోవడానికి అన్నింటికంటే తేలిక దారి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ ఉమ్మిని డబ్బాల్లో పట్టడం. ఎవరూ అలా చేయమని చెప్పరు. షరతు మాత్రం ఆ దారినే చూపిస్తుంది. నిజంగా జబ్బును పట్టుకోవాలని తిరిగే ఏఎన్ఎం వెయ్యిమందిలో ఇద్దరిని పట్టుకుంటే ఆమె పంచాయతీకి ప్రతిమ పోతుంది. రోగిని కనిపెట్టడమే ఘనతగా ఉండాల్సిన పనిలో, కనిపెట్టకపోవడానికి బహుమతి పెట్టినట్టయింది.

దీనికి బదులుగా చూడదగిన లెక్క ఒకటి ఉంది, చాలా పాతదే. ఓపీ రిజిస్టరులో ఈ నెల దగ్గు అని రాసిన పెద్దవాళ్ళు ఎందరు, ల్యాబ్ రిజిస్టరులో తెమడ ఇచ్చినవారు ఎందరు, వారిలో రెండో నమూనా ఇచ్చినవారు ఎందరు, పాజిటివ్ వచ్చి మందు మొదలుపెట్టినవారు ఎందరు. నాలుగు సంఖ్యలు. వేసవి మధ్యాహ్నం ఓపీ అయ్యాక గంటసేపు కూర్చుంటే తేలిపోతుంది. మూడో సంఖ్య దగ్గర తెగితే ఆటో ఛార్జీ గురించి ఆలోచించవచ్చు, నాలుగో దగ్గర తెగితే ఫోను నంబర్ల గురించి. మొదటి, రెండో సంఖ్యల మధ్యే తెగిపోతే, ఆ కేంద్రానికి ట్రూనాట్ పంపినా ఎక్స్‌రే పంపినా వాటి దగ్గరికి మనిషిని పంపేవారు ఉండరు. ఆ రెండు రిజిస్టర్లూ చాలా కేంద్రాల్లో ఒకే బీరువాలో పక్కపక్కనే ఉంటాయి.